దూడ అడ్డం తిరిగింది, ఫారం నింపండి

పల్లెకు వెళ్లే పశువుల డాక్టర్లకు అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే ప్రోత్సాహం గురించి చదువుతూ, మధ్యలో 39 శాతం అనే మాట దగ్గర ఆగిపోయాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఒక్కడినే మేలుకుని ఉండటం అన్యాయం కనుక మిమ్మల్ని కూడా లేపుతున్నాను.

ముందు దాతల మంచితనం చెప్పుకోవాలి. పశువైద్యం చదివి బయటికొచ్చే అమ్మాయి నెత్తిన (ఆ కళాశాలల్లో ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువ) లక్షన్నర డాలర్లు దాటిన అప్పు ఉండటం అక్కడ మామూలు సంగతి. అంత అప్పున్న మనిషి నగరంలో పిల్లులకు పళ్లు శుభ్రం చేసుకుంటుంది గానీ, మంచు కురిసే రాత్రి యాభై మైళ్లు బండి నడుపుకుంటూ వెళ్లి ఆవు కొట్టంలో మోకాళ్ల మీద ఎందుకు కూర్చుంటుంది? పిల్లికి వెచ్చని గది ఉంటుంది, పిల్లి యజమానికి క్రెడిట్ కార్డు ఉంటుంది. ఈ రహస్యాన్ని ప్రభుత్వం కనిపెట్టింది. 2003లో ఒక చట్టం చేసింది. డాక్టర్ల కొరత ఉన్న చోటికి వెళ్లి మూడేళ్లు పనిచేస్తే, ఏడాదికి 25 వేల డాలర్ల దాకా, మొత్తం 75 వేల దాకా అప్పు మేమే తీరుస్తాం, పో తల్లీ, అంది.

తల్లి వెంటనే బయలుదేరలేదు. బయలుదేరడానికి పథకం ఉండాలి కదా. 2003లో పుట్టిన చట్టానికి మొదటి దరఖాస్తులు తీసుకున్నది 2010లో. ఆవు చూడి సుమారు 283 రోజులు, ఏనుగుది 22 నెలలు. ఈ చట్టం ఏడేళ్లు మోసింది. ఇంత నిదానంగా ఈనే జంతువు పశువైద్య గ్రంథాల్లో మరొకటి ఉన్నట్టు లేదు.

సరే, ఈనింది. ఇక 39 సంగతికి వద్దాం.

డాక్టరు అప్పును వ్యవసాయ శాఖ తీరుస్తుంది. డబ్బు నేరుగా అప్పిచ్చిన సంస్థకు వెళుతుంది, డాక్టరు దాన్ని కంటితో కూడా చూడదు. అయినా అది డాక్టరుకు వచ్చిన ఆదాయమని పన్నుల శాఖ తేల్చింది. ఆదాయం అన్నాక పన్ను ఉండాలి. ఆ పన్ను డాక్టరునే కట్టమంటే ప్రోత్సాహం కాస్తా జరిమానా అవుతుంది కనుక, దాన్ని కూడా వ్యవసాయ శాఖే కడుతుంది. ఎంత? ఇచ్చిన దాని మీద 39 శాతం. ఎక్కడి నుంచి? డాక్టర్ల కోసం కేటాయించిన ఆ నిధి నుంచే. ఎవరికి? పన్నుల శాఖకు. పన్నుల శాఖ ఎవరిది? వ్యవసాయ శాఖ ఎవరిదో వాళ్లదే.

అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే కనీసం ఇంట్లో ఇద్దరు మనుషులుంటారు. ఇక్కడ అత్తా అల్లుడూ ఒక్కరే. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకుని, తీసిన చేతికి వందనం చేసుకుని, పల్లెలకు మేలు చేశామని డైరీలో రాసుకోవడం.

ఆ శాతం తర్వాత 37కు దిగింది. నా మీద దయతో దిగలేదు, ఆదాయపన్ను రేట్లు మారితే దిగింది. లెక్క వేసి చూశాను. 75 వేల మీద 37 శాతమంటే 27,750 డాలర్లు. ముగ్గురు డాక్టర్ల పేరిట కట్టిన పన్ను 83,250. ఆ డబ్బుతో నాలుగో డాక్టరు అప్పు మొత్తం తీర్చి, మిగిలిన 8,250తో ఫారాలు అచ్చువేయించుకోవచ్చు. అంటే ప్రతి ముగ్గురికీ ఒక డాక్టరును ప్రభుత్వం తన దగ్గర తానే దాచుకుంటోంది. ఏ సొరుగులో దాస్తుందో, ఆవుకు కష్టం వచ్చినప్పుడు ఆ సొరుగు తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పినవాళ్లు లేరు.

మనుషుల డాక్టర్లకు కూడా ఇలాంటి పథకమే ఉంది, కొరత ఉన్న చోటికి వెళ్తే అప్పు తీరుస్తారు. దాని మీద ఆదాయపన్ను 2004లోనే ఎత్తేశారు. మనిషికి వైద్యం చేస్తే సేవ, పశువుకు చేస్తే సంపాదన.

ఇక కొరత సంగతి. కొరత ఉందని డాక్టరు చెప్పకూడదు, రైతు చెప్పకూడదు, ఆవు అసలే చెప్పకూడదు. రాష్ట్ర పశు ఆరోగ్య అధికారి ఏటా కొరత ఉన్న చోట్ల పేర్లు పంపాలి, పైవాళ్లు ముద్ర వేయాలి, పటంలో ఆ కౌంటీకి (మన జిల్లా లాంటిది) రంగు పడాలి. కొరత కూడా ఒక్కటి కాదు, మూడు రకాలు. మొదటి రకమైతే పనిలో 80 శాతం, అంటే వారానికి 32 గంటలు, పాడి పశువులతోనూ మాంసం పశువులతోనూ గడపాలి. రెండో రకానికి మారుమూల ప్రాంతంలో 30 శాతం చాలు. మూడో రకం ప్రభుత్వ కొలువు. దీన్ని చదివిన రాత్రి నాకు ఒక దృశ్యం కనిపించింది. నిద్ర పట్టని వాడికి కల ఎలా వచ్చిందని అడక్కండి.

రాత్రి రెండు గంటలు. కొట్టంలో ఒకే బల్బు. తొలిచూలు ఆవు. దూడ ముందుకాళ్లు రెండూ బయటికొచ్చాయి, తల మాత్రం లోపల పక్కకు మడుచుకుపోయింది. డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి తల కోసం వెతుకుతోంది. ఆవు నొప్పి తీసినప్పుడల్లా ఆ చెయ్యి కటి ఎముకకూ దూడకూ మధ్య నలిగి, వేళ్లు మొద్దుబారుతున్నాయి. నొప్పి ఆగిన పది క్షణాల్లో మరో అంగుళం ముందుకు. దవడ తగిలింది. దూడ నోట్లో వేలు పెట్టి చూసింది. చీకింది. బతికే ఉంది!

సరిగ్గా అప్పుడు ఫైలు పట్టుకుని ఒక అధికారి కొట్టంలోకి వచ్చాడు.

“డాక్టరు గారూ, మీరు ఏ రకం కొరత?”

“మొదటి రకమండీ. కాస్త ఆ తాడు అందిస్తారా?”

“తాడు మా విభాగం కాదు. ఆ మూల కుంటుతున్న కుక్క ఎవరిది?”

“రైతుదేనండీ. ఆవు తన్నింది. దీని పని అయ్యాక చూస్తాను.”

“కుక్కను చూసే సమయం 32 గంటల్లోకి రాదు.”

“తన్నింది ఆవే కదండీ.”

అధికారి ఆలోచనలో పడ్డాడు. తన్ను ఆవుది, గాయం కుక్కది. తన్నును లెక్కలోకి తీసుకుని గాయాన్ని వదిలేయాలా, కుక్కను ఆవు తాలూకు వ్యవహారంగా భావించాలా? పైవాళ్లను అడగాలని రాసుకున్నాడు. తర్వాత పటం విప్పి, నేలమీద పరిచి, టార్చి వేసి, కెవ్వున అరిచాడు.

“కౌంటీ హద్దు ఈ కొట్టం మధ్యలోంచే పోతోంది! ఆవు తల కొరత ఉన్న వైపు ఉంది.”

“మంచిదే కదండీ.”

“మీరు పనిచేస్తున్నది తోక వైపు కదా!”

రైతు పాపం ముందుకొచ్చాడు. ఆవును తిప్పుదామా అన్నాడు. ఈనుతున్న ఆవును తిప్పకూడదని డాక్టరు అంది. తిప్పకపోతే ఈ మూడు గంటలూ ఏ గడిలోనూ రాయడానికి వీల్లేదని అధికారి అన్నాడు. ఆవు ఏమీ అనలేదు, మరోసారి నొప్పి తీసింది.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనేవాళ్ల గురించి మన పెద్దలు చెప్పారు. ఆవు నిజంగా ఈనుతుంటే పటం తెమ్మనేవాళ్లను వాళ్లు కూడా ఊహించలేదు.

ఈ పన్ను ఎత్తేయాలని అక్కడ బిల్లు లేదనుకోకండి. ఉంది. రిపబ్లికన్ సెనేటర్ మైక్ క్రేపో, అప్పటి డెమోక్రాట్ సెనేటర్ డెబ్బీ స్టాబెనో కలిసి పెట్టారు. ఆ రెండు పార్టీలు కలిసి ఒక కాగితం మీద సంతకం చేయడమే వింత, అయినా కదల్లేదు. ఒక కాంగ్రెస్ (పార్టీ కాదు, అక్కడి చట్టసభ) గడువు తీరగానే చచ్చిపోవడం, కొత్త కాంగ్రెస్‌లో మళ్లీ పుట్టడం. 2023లో పేరు కూడా మార్చి చూశారు. పశువైద్యంలో అలాంటి రోగిని పరీక్షించి, తల ఎటు తిరిగిందో చూసి, తాడు కట్టి లాగుతారు. చట్టసభలో కొత్త పేరు పెడతారు.

డబ్బిస్తే మాత్రం పల్లెలో నిలుస్తారా అని అడిగే పెద్దమనుషులున్నారు. నిలవకపోవచ్చు. నాలుగు కౌంటీలకు ఒక్కరే డాక్టరైతే ఫోను మోగని రాత్రి ఉండదు, మొగుడికి ఆ ఊళ్లో ఉద్యోగం దొరకదు, మూడేళ్లు కాగానే వెళ్లిపోవాలనిపిస్తుంది. ఒప్పుకుంటాను. అయితే అందుకని ఇచ్చే కాస్తా మీలో మీరు పంచుకుంటారా?

2024 మొదట్లో టెక్సస్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో పాడి ఆవులు మేత తగ్గించాయి. పాలు పడిపోయాయి. వచ్చిన పాలు జున్నుపాలలా చిక్కగా, పచ్చగా ఉన్నాయి. కొట్టాల దగ్గర తిరిగే పిల్లులు చచ్చిపడ్డాయి. ఏమిటో ఎవరికీ తెలియలేదు. అక్కడి పశువుల డాక్టరు ఒకరు మామూలు జబ్బేలే అని వదిలేయలేదు. నమూనాలు తీసి అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రయోగశాలకు పంపారు. మార్చి 25న ప్రపంచానికి తెలిసింది, అది బర్డ్ ఫ్లూ అని. పక్షుల జబ్బు పాడి ఆవుల్లోకి వచ్చిందని కనిపెట్టింది ఉపగ్రహం కాదు, రాజధానిలో కూర్చున్న సంఘం కాదు. బూట్లకు పేడ అంటిన ఒక మనిషి, ఆ ఆవులను రోజూ చూసే మనిషి, ఇది వేరే ఏదో అని అనుకోవడం వల్ల బయటపడింది. ఆ మనిషి అక్కడ లేకపోతే? చచ్చిన పిల్లిని పన్నుల శాఖ తీసుకెళ్లి పరీక్ష చేయించేదా? మీరు తాగే పాల గ్లాసుకూ ఆ జబ్బుకూ మధ్య నిలబడేవాళ్లే తక్కువైపోతుంటే, ఉన్న చిల్లర నిధిలో నాలుగో వంతుకు పైగా మీ జేబులోకే వేసుకుని, దానికి ప్రోత్సాహమని పేరు పెట్టుకోవడానికి నోరెలా వచ్చింది? రైతు ఆవు పోతే ఒక ఆవు పోయిందని రాసుకుంటారు. ఆ కొట్టంలో తెల్లారేదాకా డాక్టరు కోసం ఫోను పట్టుకుని నిలబడ్డవాడి ముఖం ఏ గడిలో రాస్తారు?

కొట్టంలో పని పూర్తయింది. తల దారికి వచ్చింది, తాడు బిగిసింది, ఆవు గట్టిగా ముక్కింది, దూడ జారి గడ్డి మీద పడింది. డాక్టరు గడ్డిపరకతో ముక్కు గెలికితే తుమ్మింది. కాసేపటికి వణికే కాళ్ల మీద లేచి, తల్లి మూతి వైపు వెతుక్కుంటూ వెళ్లింది. అంటే హద్దు దాటి కొరత ఉన్న వైపుకు. అధికారి ముఖం వికసించింది. టిక్కు పెట్టబోయి ఆగి, దూడను కింది నుంచి పై దాకా చూశాడు.

“ఇది మీకు వచ్చిన ఆదాయమేనా, డాక్టరు గారూ?”