సార్, అది కూడా పాయింటే!

వాలీబాల్ చూసినవాళ్ళందరికీ వాలీబాల్ వచ్చేసినట్టే ఉంటుంది. బంతి కింద పడకూడదు, నెట్ దాటించాలి, ఇంతేగా అంటారు. తీరా కోర్టులోకి దిగితే బ్రహ్మాండంగా కనిపించినవన్నీ ఫౌళ్ళవుతాయి, చూడలేక కళ్ళు మూసుకున్నవన్నీ పాయింట్లవుతాయి.

ఆఫీసు ఆటలపోటీల్లో రెఫరీ పని నాకు తగిలింది. రూల్స్ చదివిన మనిషిని నేనొక్కణ్ణేనని ఎవరో పితూరీ చెప్పారు. ఒకవైపు అకౌంట్స్, ఇంకోవైపు సేల్స్. ఒక్కటే సెట్టు, 25 పాయింట్లు. అకౌంట్స్ జట్టుకి కెప్టెన్ మేనేజర్ గారు. ఆరుగుర్ని ఎంపిక చేసిందీ ఆయనే. ఎవరికి ఆట వచ్చని అడగలేదు, సీనియారిటీ లిస్టు తెప్పించి పైనుంచి ఆరు పేర్లు టిక్కు పెట్టారు.

ఆ మాటకొస్తే ఈ ఆట పుట్టిందే ఇలాంటివాళ్ళ కోసం. 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్ళో, వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో పనిచేసే విలియం మోర్గాన్ దీన్ని తయారుచేశాడు. మధ్యవయసు వ్యాపారస్తులకు బాస్కెట్‌బాల్ మరీ మోటుగా ఉందని, ఒకరి మీద ఒకరు పడకుండా మధ్యలో నెట్ కట్టించాడు. రెండు జట్ల మధ్య గొడవ అలా తీరింది. ఒకే జట్టువాళ్ళు ఒకరి మీద ఒకరు పడితే ఏం చెయ్యాలో మాత్రం ఆయనకీ తట్టినట్టు లేదు.

ముందు సర్వీస్, అంటే బంతిని అవతలికి కొట్టి ఆట మొదలుపెట్టడం. కొత్తవాళ్ళకి అండర్ హ్యాండ్ హాయి. ఎడమ చేతిలో బంతి, కుడి పిడికిలితో కింద నుంచి ఒక్కటి ఇస్తే నెట్ దాటిపోతుంది. కానీ అకౌంట్స్‌లో ఒక పొడుగాయన ఉన్నారు. టీవీలో చూసిన జంప్ సర్వీస్ తప్ప ఆయనకి వేరేది ఆనదు. ఈల వేశాక 8 సెకన్లలో కొట్టాలని చెబితే, అంతసేపెందుకని బంతిని ఆకాశంలోకి విసిరి ఎగిరారు. ఆయన ముందుకి ఎగిరారు, బంతి వెనక్కి దిగింది. ఒకసారి పైకి వేశాక మళ్ళీ వేస్తానంటే కుదరదు, పాయింట్ అవతలికి వెళ్ళిపోయింది. తర్వాతిసారి బంతి చేతికి తగిలింది. తగిలి, నెట్ దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ మేనేజర్ గారి వీపుకి ఫట్‌మని తగిలింది. సర్వీస్ చేసిన బంతి సొంత జట్టువాణ్ణి తాకినా ఫౌలే. ఆ ఈల వెయ్యడానికి నాకు కొంత ధైర్యం కావలసివచ్చింది.

బంతిని చేతుల మీద తీసుకోవడం ఇంకో కథ. ఒక అరచేతిలో ఇంకోటి పెట్టి, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన ఆనించి, మోచేతులు వంచకుండా చాచాలి. బంతి మణికట్టుకి పైన, ముంజేతుల మీద పడాలి. చేతులు ఊపక్కర్లేదు, మోకాళ్ళు వంచి లేస్తే చాలు, బంతి దానంతటదే లిఫ్టర్, అంటే స్మాష్‌కి బంతి ఎత్తిచ్చే మనిషి, దగ్గరికి పోతుంది. మా హెడ్‌క్లర్క్ గారు వేళ్ళలోకి వేళ్ళు బిగించి, బొటనవేళ్ళు రెండూ నిటారుగా నిలబెట్టి ఎదురుచూశారు. బంతి వచ్చి సరిగ్గా వాటి మీదే కూర్చుంది. మిగతా ఆటంతా ఆయన రెండు బొటనవేళ్ళూ నోట్లో పెట్టుకునే ఆడారు.

అయినా ఆ జట్టుని ముంచింది చేతకానితనం కాదు, మర్యాద. వాలీబాల్‌లో బంతి ఇద్దరి మధ్యకి వస్తే "నాది!" అని గట్టిగా అరవాలి. ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా ఏ ఫైలు వచ్చినా "నాది కాదు" అని చెప్పి బతికినవాళ్ళకి అది నోరు తిరగదు. బంతి మేనేజర్ గారికీ జూనియర్‌కీ మధ్యలో దిగుతోంది.

"మీరు తీసుకోండి సార్."

"పర్లేదయ్యా, నువ్వు కొట్టు."

"అయ్యో, మీరుండగా నేనా సార్?"

బంతి ఇద్దరి మధ్యా నేల మీద పడి, రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ పోయింది. ఇద్దరూ దానికి దారిచ్చారు. ఇలా మర్యాదకే అరడజను పాయింట్లు పోయాయి.

పోయిన సర్వీస్ మళ్ళీ గెలుచుకున్నప్పుడు జట్టంతా గడియారం ముల్లు తిరిగేవైపు ఒక్కో స్థానం జరగాలి. ముందు వరసలో కుడిపక్కనున్న మనిషి వెనక్కి వెళ్ళి సర్వీస్ చేస్తాడు. దీనికి మేనేజర్ గారు ఒప్పుకోలేదు. "నేను వెనక్కి వెళ్ళడమేంటయ్యా?" అన్నారు. హోదా తగ్గదని, అందరూ వంతులవారీగా వెళతారని నచ్చజెప్పేసరికి అందరూ ఒకేసారి బయల్దేరారు, సగంమంది ఇటు, సగంమంది అటు. హెడ్‌క్లర్క్ గారూ పొడుగాయనా నడికోర్టులో ఢీకొని, ఒకరికొకరు సారీ చెప్పుకుంటుండగా సర్వీస్‌కున్న 8 సెకన్లూ అయిపోయాయి.

పొడుగాయన ఒక్కసారి మాత్రం నిజంగా అద్భుతం చేశారు. వెనక వరసలోంచి పరుగెత్తుకొచ్చి, నెట్‌కి 3 మీటర్ల దూరంలో ఉండే గీత దాటి, నెట్‌కి పైన గాల్లో ఉన్న బంతిని స్మాష్ చేశారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. వెనక వరస మనిషి ఆ గీత ముందుకొచ్చి ఎగిరి, నెట్ ఎత్తుకి పైనున్న బంతిని అవతలికి కొడితే ఫౌల్. జనం నన్ను చూసిన చూపు చెప్పలేను. పెళ్ళిలో భోజనాలు ఆపినవాణ్ణి కూడా అలా చూడరు.

ఇక స్కోరు. బోర్డు దగ్గర కూర్చున్న క్యాషియర్ గారిది పాత చదువు. సర్వీస్ మనదైతేనే పాయింట్ అన్న లెక్క 1990ల చివర్లోనే పోయింది. ఇప్పుడు సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ, అంటే సర్వీస్ నుంచి ఈల పడేదాకా సాగే ఆట, గెలిచినవాళ్ళకి పాయింట్. ఆయన బోర్డులో సేల్స్‌కి 9, అకౌంట్స్‌కి 8 ఉన్నాయి. నా కాగితంలో 24, 24. ఆయన కాసేపు ఆలోచించి, తేడా తేలేదాకా సస్పెన్స్ ఖాతాలో పెడతానన్నారు.

సేల్స్ సర్వీస్. నాలుగు దెబ్బలు అటూ ఇటూ అయ్యాక వాళ్ళ కుర్రాడు గట్టిగా ఒక స్మాష్ కొట్టాడు. మేనేజర్ గారు ముందు వరసలో కుడిపక్కన, చెమట తుడుచుకోవడానికి కళ్ళజోడు తీసి ఉన్నారు. 260 నుంచి 280 గ్రాములుండే బంతి సరాసరి ఆయన నుదుటికి తగిలి, వచ్చినదారినే నెట్ దాటి, అవతలి గీత మీద పడింది. అంతా నిశ్శబ్దం. అకౌంట్స్‌వాళ్ళు తలలు దించుకున్నారు. సేల్స్‌వాళ్ళు అప్పుడే ఎగరడం మొదలుపెట్టారు.

బంతిని చేత్తోనే కొట్టాలని రూల్ లేదు. ఒంట్లో ఏ భాగానికి తగిలినా చెల్లుతుంది, కాలైనా సరే. గీత మీద పడితే లోపల పడ్డట్టే. నేను అకౌంట్స్‌వైపు చెయ్యి చాపాను. "సార్, అది కూడా పాయింటే!"

ఇక చూడండి. జూనియర్లు మేనేజర్ గారిని ఎత్తబోయి, బరువు చూసి మానేశారు. ఎవరో చల్లటి నీళ్ళ గుడ్డ నుదుటికి అద్దారు. హెడ్‌క్లర్క్ గారు వేళ్ళు నోట్లోంచి తీసి "ఏం హెడ్డింగండీ!" అన్నారు. మేనేజర్ గారు కళ్ళజోడు పెట్టుకుని, అదంతా ముందే అనుకుని చేసినట్టు తల పంకించారు. గ్రూప్ ఫొటోకి వరసలో నిలబడుతుండగా మళ్ళీ ఈల వేశాను.

"25, 24 సార్. రెండు పాయింట్ల తేడా ఉంటేనే గెలిచినట్టు. ఇంకోటి కావాలి."

మేనేజర్ గారు నుదుటి మీది గుడ్డ తియ్యకుండానే అడిగారు. "ఇంకోటా? సర్వీస్ ఎవరిది?"

అకౌంట్స్‌వాళ్ళు ఆ ఒక్కసారీ తప్పు లేకుండా గడియారం ముల్లు తిరిగేవైపే జరిగారు. బంతి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టారు.