స్టెతస్కోపు ఎవరి గుండె మీద పెట్టాడు?

ఏ తిండి సలహా నమ్మాలో తేలక టెన్షన్ పడేవాళ్లకు మా బాబాయ్ పద్ధతి చెబుతాను. వీడియోలో మనిషి తెల్లకోటు వేసుకోవాలి. మెడలో స్టెతస్కోపు వేలాడాలి; అది ఎప్పుడైనా ఎవరి గుండె మీదైనా పెట్టాడా అన్నది మనకు అనవసరం. "డాక్టర్లు మీకు చెప్పని నిజం" అంటూ మొదలుపెట్టాలి. డాక్టరు వేషంలో ఉన్నవాడే డాక్టర్లు చెప్పరంటుంటే ఇంకా రుజువులేమిటి? చివర్లో చూర్ణం డబ్బా చూపించి ఫోన్ నంబరు ఇచ్చాడంటే మరీ నమ్మకం. ఉత్తపుణ్యానికి చెప్పేవాడి మాటకు విలువేముంటుంది?

మా ఇంటికి కూతవేటు దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది. మన పప్పులో, కూరలో ఏముందో కొలుచుకుంటూ కూర్చుంది. 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలు పట్టికలు కట్టింది. 2024లో 17 సూచనలతో పుస్తకం తెచ్చి, నెట్‌లో ఉచితంగా పెట్టింది కూడా. ఎంత అమాయకత్వం! వెనక సంగీతం లేదు, పదిమందికి పంపితే శుభవార్త వింటారన్న హామీ లేదు. ఎవరు చదువుతారండీ?

బాబాయ్‌కి షుగరు. పంచదార విషం, బెల్లం అమృతం అని ఫార్వర్డ్ వచ్చిన రోజు నుంచి కాఫీలో మూడు చెంచాల బెల్లం పొడి వేస్తున్నాడు. పంచదార రోజుల్లో ఒక్క చెంచానే, అదీ పిన్ని చూడకుండా. ఇప్పుడు ఆమె ఎదురుగానే, చెంచా గలగలలాడిస్తూ కలుపుతాడు. సున్నుండలు కూడా బెల్లంతోనే కాబట్టి మందుల లెక్కలోకి వెళ్లిపోయాయి. బెల్లంలోనూ ఎక్కువ భాగం ఆ చక్కెరే, ఒంట్లోకి వెళ్లాక రెండూ ఒకటే అన్నాను. "మీ తాత తినలేదుట్రా?" అన్నాడు. తాత తెల్లారకముందే అరక కట్టుకుని పొలానికి పోయేవాడు. బాబాయ్ పట్టేది రిమోట్.

మొన్న ఆదివారం పరగడుపున వేలికి సూది గుచ్చుకున్నాడు. 248. ఇంకో స్ట్రిప్ తీశాడు. 251. పిన్ని ఏమీ అనలేదు, బెల్లం డబ్బా వైపు చూసిందంతే. బాబాయ్ మీటరు బ్యాటరీ ఊడదీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్: షుగరు మీటర్లన్నీ విదేశీ కంపెనీల కుట్ర. కింద పెద్దత్తయ్య అప్పటికే రెండు దండాలు పెట్టేసింది.