మూటాముల్లె సర్దుకున్నాక అడిగే దైవచిత్తం

సమర్పణ విషయంలో నాకు అనుభవం ఎక్కువ. ఇప్పటికి పదిహేనుసార్లు నన్ను నేను ప్రభువుకు పూర్తిగా సమర్పించుకున్నాను. ఒకసారి పూర్తిగా ఇచ్చేసింది రెండోసారి ఇవ్వడానికి ఎక్కణ్ణుంచి వచ్చిందని లెక్కల మాస్టారి బుర్ర ఉన్నవాళ్ళు అడుగుతారు. వాళ్ళకు ఆత్మీయ విషయాలు అంత త్వరగా ఒంటబట్టవు. ఉజ్జీవ కూటంలో ఆఖరి పాట అందుకుని, ప్రసంగీకులు గొంతు తగ్గించి "ఎవరైనా ఉన్నారా?" అనగానే మొదట లేచే చెయ్యి నాదే. కూటం పెట్టినవాళ్ళకు నావల్ల కలిగే ఆదరణ ఇంతా అంతా కాదు.

ఇంత అనుభవాన్ని నాలోనే దాచుకోవడం స్వార్థం అవుతుందని, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అసలు ఏది సమర్పించాలి? హృదయం. ఇందులో సందేహం వద్దు. హృదయంతో ఉన్న సుఖం మరి దేనితోనూ లేదు. ఇచ్చామో లేదో పక్కవాడికి తెలియదు, మర్నాడు వెనక్కి తీసుకున్నా చప్పుడు కాదు. చిక్కల్లా అపొస్తలుడైన పౌలుగారితోనే. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో ఆయన పనిగట్టుకుని "మీ శరీరములను" సజీవయాగంగా సమర్పించుకోమని రాశారు. హృదయములను అని రాసి ఉంటే ఏం పోయేది? శరీరం అనేసరికి నాలుక వస్తుంది, కళ్ళు వస్తాయి, తెల్లవారినా లేవని నడుం వస్తుంది, రాత్రి ఒంటిగంటకు ఫోన్ మీద పైకీ కిందికీ ఆడే బొటనవేలు వస్తుంది. తర్వాతి వచనంలో మనసు మారి నూతనం కావాలంటారు. దేవుని చిత్తమేదో పరీక్షించి తెలుసుకోవడం ఆ తర్వాతి మాట. మాలాంటి అనుభవజ్ఞులం ఈ వరసను కిందినుంచి పైకి చదువుతాం. ముందు దేవుడు తన చిత్తం చెప్పాలి, అది మనసుకు నచ్చాలి, ఆపైన ఒంటికి తీరిక దొరికితే చూద్దాం.

ఇక దైవచిత్తం కనిపెట్టడంలో నాకు గురువు కారేహ కొడుకు యోహానాను. పేరు విన్నట్టు లేదు కదా! పాపం, సండే స్కూల్లో దావీదు రాయి విసిరిన కథ వందసార్లు చెబుతారుగానీ ఈయన ఊసెత్తరు. బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 42వ అధ్యాయం తీయండి. యెరూషలేము బబులోను చేతిలో కూలిపోయింది. మిగిలినవాళ్ళ మీద బబులోను రాజు నియమించిన గెదల్యాను చంపేశారు. ఆ రాజు కోపం ఎక్కడ తమ మీద పడుతుందోనని జనం వణికిపోతున్నారు. అప్పుడు యోహానానూ అతని మనుషులూ యిర్మీయా దగ్గరికి వచ్చారు. మేము ఏ దారిన నడవాలో, ఏం చేయాలో దేవుణ్ణి అడిగి చెప్పండి, అది మాకు మేలైనా కీడైనా ఆయన మాటే వింటాం అని మాటిచ్చారు. ఇంతకన్నా చక్కని సమర్పణ ప్రార్థన నేను వినలేదు. నా పదిహేనులో ఒక్కటి కూడా దీని దరిదాపులకు రాదు.

ఒక్క చిన్న సంగతి ఉంది. ముందు అధ్యాయం చివర్లో ఉంటుంది, గబగబా చదివితే జారిపోతుంది. వాళ్ళు అప్పటికే ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, బయల్దేరి, బేత్లెహేము దగ్గర మజిలీ చేసి ఉన్నారు. మూటాముల్లె సర్దుకుని, పిల్లాజెల్లను నడిపించుకుని, మజిలీలో కూర్చుని "ప్రభువా, ఎటు వెళ్ళమంటావు?" అని అడిగారన్నమాట.

పది రోజులకు జవాబు వచ్చింది. ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్ళొద్దు. అప్పుడు మా గురువుగారు ఏమన్నారో చూడండి. నువ్వు అబద్ధం చెబుతున్నావు, దేవుడు నీకు ఈ మాట చెప్పలేదు, ఆ బారూకే నిన్ను మా మీదికి ఎగదోస్తున్నాడు అన్నారు. బారూకు యిర్మీయా మాటలు రాసిపెట్టే లేఖకుడు. నచ్చని జవాబు వస్తే పక్కనున్న రాతగాణ్ణి అనుమానించే ఈ పద్ధతి సుమారు 2,600 ఏళ్ళయినా పాతబడలేదు. ఇప్పుడైతే "ఆ ప్రసంగం పాస్టరుగారిది కాదండీ, అమ్మగారు వెనకనుంచి చెప్పించారు" అంటాం. చివరికి వాళ్ళు ఐగుప్తుకే వెళ్ళారు. వెళుతూ వెళుతూ యిర్మీయానూ బారూకునూ కూడా వెంట తీసుకుపోయారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. దైవజనుడు మనతోనే ఉన్నాడు, ఇక సాక్ష్యం చెప్పుకోవడానికి అడ్డేముంది?

పది రోజులు ఆగే ఓపిక లేనివాళ్ళకు చీట్లు ఉన్నాయి. ఇది చిన్నాచితకా వాళ్ళు చేసిన పని కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అంతటివాడు అమెరికాలోని జార్జియాలో పనిచేస్తున్నప్పుడు, 1737లో, సోఫీ హాప్కీ అనే అమ్మాయిని పెళ్ళాడాలా వద్దా తేల్చుకోలేక మూడు చీట్లు వేయించాడు. పెళ్ళి చేసుకో అని ఒకటి, ఈ ఏడాది ఆ ఆలోచన వద్దు అని ఒకటి, ఇక ఆ ఆలోచనే పెట్టుకోకు అని ఒకటి. మూడోది వచ్చింది. సరే అన్నాడు. కొద్ది రోజుల్లోనే ఆమె మరొకరిని పెళ్ళాడింది. కొన్ని నెలలకు వెస్లీ ఆమెకు ప్రభు భోజనం ఇవ్వనన్నాడు, విషయం కోర్టుకెక్కింది, ఆ ఏడాది చివరికల్లా ఆయన ఓడెక్కి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోయాడు. చీటీని చెయ్యి ఒప్పుకుందిగానీ లోపలి మనిషి ఒప్పుకున్నట్టు లేడు.

ఆయన హృదయం వింతగా వెచ్చబడింది 1738 మే 24న, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూడికలో. అక్కడ చీట్లూ లేవు, ఆఖరి పాటలూ లేవు. రోమా పత్రికకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు, అంతే. ముందుమాటట! నేను ముందుమాటలు దాటేసి చదివే రకం. అందుకే కాబోలు, పదహారోసారికి సిద్ధమవుతున్నాను.

తెలివైన నిర్ణయానికి పెద్దల సలహా కావాలని బైబిల్లోని సామెతల గ్రంథం చెబుతుంది, ఆలోచన చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఉండాలంటుంది. అక్షరాలా నిజం. పదిమందిని అడిగితేనే కదా మనం అనుకున్నదే చెప్పేవాడు ఒక్కడైనా దొరికేది. సొలొమోను కొడుకు రెహబాము రాజైన కొత్తలో, ప్రజల భారం తగ్గించాలా వద్దా అని ముసలివాళ్ళను అడిగాడు, నచ్చలేదు. తనతో పెరిగిన కుర్రాళ్ళను అడిగాడు, నచ్చింది. రాజ్యంలో పది గోత్రాలు చేజారిపోయాయంటారా, సలహా తీసుకోలేదని మాత్రం ఆయన్ను ఎవరూ అనలేరు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పక తప్పదు. మా అన్నయ్యకూ నాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. తప్పు ఇద్దరిదీ అని అందరికీ చెబుతుంటాను. మా ఆవిడతో మాత్రం చెప్పను, ఆమె అప్పుడు అక్కడే ఉంది. ఈ నాలుగేళ్ళలో నేను ఉద్యోగం గురించి దైవచిత్తం అడిగాను, ఇల్లు మారడం గురించి అడిగాను, అమ్మాయి చదువు గురించి మూడు రోజులు ఉపవాసముండి మరీ అడిగాను. అన్నయ్య సంగతి అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది, జవాబు మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ముందే రాసి ఉంది. అర్పణను బలిపీఠం ముందే వదిలేసి, మొదట వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని ఉంది. చేతిలో ఉన్న అర్పణను మధ్యలో వదిలి వెళ్ళడం ఏం మర్యాద చెప్పండి? అందుకని అర్పణలు మానకుండా ఇస్తూ, అన్నయ్య విషయాన్ని ప్రార్థనాంశాల పుస్తకంలో రాసుకున్నాను. పుస్తకం నిండినప్పుడల్లా కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను, అదీ మంచి అక్షరాలతో.

అమాలేకీయులను వాళ్ళ గొర్రెలతో సహా ఏదీ మిగల్చవద్దని ఆజ్ఞ. సౌలు రాజు వాళ్ళ మీద గెలిచి వచ్చి, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని తనంతట తానే చెప్పుకున్నప్పుడు, సమూయేలు ప్రవక్త వెంటనే వాదనకు దిగలేదు. మరి నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటి అని అడిగాడు. మొన్న కూటంనుంచి ఇంటికొచ్చి, ప్రసంగం ఎంత బలంగా సాగిందో, చివర్లో నేను ఎలా ఏడ్చానో మా ఆవిడకు వర్ణించి చెబుతున్నాను. ఆమె బట్టలు మడతపెడుతూ అంతా వింది.

"బాగుందండీ. మరి బావగారికి ఫోన్ చేశారా?" అంది.

ప్రార్థనలో పెట్టానని చెప్పాను. ఎన్నాళ్ళని అడిగింది. యిర్మీయాగారంతటివారికే జవాబు రావడానికి పది రోజులు పట్టిందన్నాను. ఆమె మడతపెడుతున్న చొక్కా పక్కనపెట్టి, లోపలికెళ్ళి, నా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఛార్జింగ్ కొంచెం తక్కువగా ఉంది. ప్రభువు నడిపింపు ఇలాంటి చిన్న చిన్న సంగతుల్లోనే తెలుస్తుంది.