క్యూబెక్ గోల్‌కీపర్లు ఏమైపోయారు?

మా ఊరి హాకీ జట్టు మాంట్రియల్ కెనేడియన్స్ ఓడిపోతే భాష. కోచ్‌ను మారిస్తే భాష. ఏటా కుర్ర ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో స్థానిక కుర్రాణ్ణి పక్కనపెట్టి బయటివాణ్ణి తీసుకుంటే మళ్లీ భాష. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకు చోటు దక్కకపోవడమే అన్నిటికీ మూలమనే ఈ వాదన, ఈ ఊరికొచ్చి ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు. ఫ్రెంచ్ మీద వీళ్లకున్న మమకారాన్ని నేను తప్పుపట్టను. తెలుగు మీడియం గొడవలు వింటూ పెరిగినవాణ్ణి, ఆ బాధ నాకూ తెలుసు. కానీ కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే ఈ క్యూబెక్ ప్రావిన్స్ హాకీకి పట్టిన జబ్బు భాషది కాదు. అదేమిటో తెలియాలంటే గోల్ ముందు నిలబడేవాణ్ణి చూడాలి. అక్కడ ఇప్పుడు క్యూబెక్‌వాడు దాదాపుగా కనిపించడు.

(ఇండియాలో ఉన్న మిత్రులకు: ఇది ధ్యాన్‌చంద్ హాకీ కాదు, ఐస్ మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. ఇక్కడ హాకీ అంటే అదొక్కటే.)

ఉత్తర అమెరికాలోని పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో ఎక్కువ విజయాలున్న గోల్‌కీపర్ల పట్టిక తీయండి. మొదట మార్టిన్ బ్రోడర్, 691. తర్వాత మార్క్-ఆంద్రే ఫ్లూరీ, 575. మూడు ప్యాట్రిక్ రువా, 551. నాలుగు రాబర్టో లువాంగో, 489. నలుగురూ క్యూబెక్‌లో పుట్టినవాళ్లే. కోటి జనాభా కూడా లేని ప్రావిన్స్ ఇది. మిగతా కెనడా మొత్తాన్ని, అమెరికాను, రష్యాను, స్వీడన్‌ను వెనక్కి నెట్టి మొదటి నాలుగు స్థానాలూ వీళ్లే పట్టుకున్నారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన కెనడా జట్టులో ముగ్గురు గోల్‌కీపర్లుంటే ముగ్గురూ వీళ్లే: బ్రోడర్, లువాంగో, ఫ్లూరీ.

పదిహేనేళ్లు గడిచాయి. 2025 ఫిబ్రవరిలో నాలుగు దేశాల టోర్నమెంట్ జరిగితే కెనడా జట్టు మొత్తంలో క్యూబెక్ నుంచి ఉన్నది ఒకే ఒక్కడు, శామ్ మాంటెంబో. మూడో గోల్‌కీపర్. ఒక్క మ్యాచ్‌లో కూడా దించలేదు.

ఇంకో లెక్క చెబుతాను. ఏటా ఉత్తమ గోల్‌కీపర్‌కు ఇచ్చే బహుమతి పేరు వెజినా ట్రోఫీ. ఆ జార్జ్ వెజినా ఎవరు? క్యూబెక్‌లోని షికూటిమీవాడు, కెనేడియన్స్ కీపర్. 1925లో మ్యాచ్ మధ్యలోనే ఆడలేక తప్పుకున్నాడు, కొన్ని నెలలకే క్షయతో పోయాడు. ఆయన పేరుతో ఉన్న ట్రోఫీని 2009 నుంచి 2025 వరకు ఆయన ప్రాంతంవాడు గెలిచింది ఒక్కసారి. అది 2021లో ఫ్లూరీ, అప్పటికే అతనికి 36 ఏళ్లు. మిగతా ఏళ్లన్నీ అమెరికన్లు, రష్యన్లు, ఫిన్‌లు, స్వీడన్‌వాళ్లు, కెనడాలోని వేరే ప్రావిన్సులవాళ్లు పంచుకున్నారు. అంతెందుకు, రువా తర్వాత మాంట్రియల్ జనం నెత్తిన పెట్టుకున్న గోల్‌కీపర్ కేరీ ప్రైస్ కూడా దేశానికి అటు చివర బ్రిటిష్ కొలంబియాలోని చిన్న ఊరు నుంచి వచ్చినవాడే.

అసలు ఈ విద్య ఇక్కడే ఎందుకు పుట్టిందో చూస్తే, ఇక్కడినుంచి ఎందుకు పోయిందో కూడా తెలుస్తుంది.

1959 నవంబర్ 1, న్యూయార్క్. ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్, అంటే ఆ నల్లటి గట్టి రబ్బరు బిళ్ల, కెనేడియన్స్ కీపర్ జాక్ ప్లాంట్ ముఖానికి తగిలింది. అప్పట్లో గోల్‌కీపర్లు మాస్క్ లేకుండా ఆడేవాళ్లు, ముఖాన ఏ అడ్డూ ఉండేది కాదు. జట్టుకు రెండో కీపర్ కూడా ఉండేవాడు కాదు. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, మాస్క్ పెట్టుకోనిస్తేనే దిగుతానని భీష్మించాడు. మాస్క్ పెట్టుకుంటే పిరికివాడంటారని, పక్ సరిగ్గా కనిపించదని కోచ్ టో బ్లేక్‌కు అది ససేమిరా ఇష్టం లేదు. వేరే దారి లేక ఒప్పుకున్నాడు. ఆ మ్యాచ్ కెనేడియన్స్ గెలిచారు. ఇవాళ ప్రపంచంలో ఏ ఊళ్లో గోల్‌కీపర్‌కైనా ముఖం పగలకుండా ఉందంటే ఈ మొండిఘటం పుణ్యమే.

తర్వాతి మలుపు ప్యాట్రిక్ రువా, అతని కోచ్ ఫ్రాన్స్వా అలేర్. మోకాళ్ల మీదికి వాలి, కాళ్ల ప్యాడ్లను రెండు పక్కలకీ పరిచి, గోల్ కింది భాగం మొత్తం మూసేసే పద్ధతి వీళ్లకంటే ముందూ ఉంది. కానీ దాన్ని ఏ కోణంలో నిలబడాలి, ఎప్పుడు వాలాలి, మళ్లీ ఎలా లేవాలి అని పాఠంలా విడదీసి నేర్పింది అలేర్. రువా 1986లో ఇరవై ఏళ్ల వయసులో కెనేడియన్స్‌కు లీగ్ ఛాంపియన్ల కప్పు, స్టాన్లీ కప్ గెలిపించాడు. 1993లో మళ్లీ గెలిపించాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఓవర్‌టైమ్‌కు వెళ్లిన మ్యాచ్‌లు వరుసగా పది కెనేడియన్స్ గెలిచారు. ఆ కాలంలో ఇక్కడ పెరిగిన మగపిల్లలను ఇప్పుడు కదిపి చూడండి, సగం మంది గోల్‌కీపర్ కావాలనుకున్నవాళ్లే. మా ఆఫీసులో యాభైకి దగ్గరపడ్డ అకౌంటెంట్ ఒకాయన ఇప్పటికీ కాఫీ మెషిన్ దగ్గర రువాలా మెడ తిప్పి చూపిస్తాడు.

విద్య అన్నాక దాచుకుంటే దాగదు. అలేర్ మాంట్రియల్ వదిలి అనహైమ్ వెళ్లాడు. అక్కడ జాన్-సెబాస్టియన్ జిగేర్ అనే ఇంకో క్యూబెక్‌వాణ్ణి తీర్చిదిద్దాడు. ఆ పద్ధతిని అందరూ చూశారు, వీడియోలు పెట్టుకుని నేర్చుకున్నారు. ఫిన్లండ్‌వాళ్లు మాత్రం నేర్చుకుని ఊరుకోలేదు, చిన్నపిల్లల జట్ల దాకా గోల్‌కీపర్లకు ప్రత్యేకంగా కోచ్‌లను తయారుచేసుకున్నారు. అయిదున్నర మిలియన్ల జనాభా ఉన్న ఆ దేశం కిప్రుసాఫ్, రాస్క్, రిన్నె, సారోస్ అంటూ వరసపెట్టి కీపర్లను పంపింది. ఇక్కడివాళ్లు ఏం చేశారు? మనకు రక్తంలోనే ఉంది అనుకుంటూ కూర్చున్నారు.

టీనేజ్ కుర్రాళ్లు ఆడే కెనడా జూనియర్ లీగులు చేసిన పని తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. మన కీపర్లకు అవకాశాలు రావడంలేదని, యూరప్ కుర్రాళ్లను డ్రాఫ్ట్‌లో గోల్‌కీపర్లుగా తీసుకోవడం మానేస్తామని 2013లో ప్రకటించారు. పోటీని గుమ్మం బయట నిలబెడితే మనవాడు బాగుపడతాడట! అయిదేళ్లు చూసి 2018లో వాళ్లే ఎత్తేశారు.

ఇక డబ్బు. మావాడి స్నేహితుడొకడు గోల్‌కీపర్‌గా ఆడతానని పట్టుబట్టాడు. మా దగ్గర మరీ చిన్న వయసులో ప్యాడ్లు, గ్లవ్స్ హాకీ సంఘంవాళ్లే అరువిచ్చారు. ఆ దశ దాటగానే అన్నీ ఇంటివాళ్లే కొనుక్కోవాలి. కాళ్ల ప్యాడ్లు, ఛాతీ రక్షణ, మాస్క్, రెండు చేతులకు రెండు వేర్వేరు గ్లవ్స్, కీపర్ కోసమే చేసిన స్కేట్లు, వెడల్పాటి కర్ర. వాడు ఎదుగుతుంటే రెండేళ్లకోసారి అన్నీ మళ్లీ కొనాలి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ఫార్వర్డ్‌గా ఆడే పిల్లాడి తండ్రికి ఇందులో సగం తలనొప్పి ఉండదు. ఆ అబ్బాయిని ప్రాక్టీస్‌కు దించడానికి రెండు మూడుసార్లు నేనూ వెళ్లాను. శనివారం పొద్దున్నే, ఇంకా తెల్లారలేదు. బట్టలు మార్చుకునే గదిలో వాళ్ల నాన్న కింద కూర్చుని ప్యాడ్ల పట్టీలు ఒక్కొక్కటే బిగిస్తున్నాడు. ఎక్కువ బిగిస్తే కాలు తిరగదు, వదులైతే ప్యాడ్ జారిపోతుంది. ఆ సంచి పిల్లాడి కన్నా పెద్దది.

అంత తతంగం చేసి ఐస్ మీదికి పంపితే అక్కడ కోచ్ ఏం నేర్పాడు? ఏమీ లేదు. మిగతా పిల్లలు వరసలో వచ్చి కొడుతుంటే వాడు అడ్డుకోవాలి. గంటసేపూ అదే. కొట్టేవాళ్లకు మోచెయ్యి ఎక్కడుండాలో చెబుతున్నాడు, కర్ర ఎలా పట్టుకోవాలో చెబుతున్నాడు. గోల్ దగ్గర నిలబడ్డవాడి వైపు ఒక్కసారి కూడా రాలేదు. నేర్పేవాడు కావాలంటే విడిగా డబ్బు కట్టి ప్రైవేటు కీపర్ కోచ్ దగ్గరికి వెళ్లాలి. రువాను, బ్రోడర్‌ను ఇచ్చిన గడ్డ మీద ఇదీ పరిస్థితి. ఆ పిల్లాడు ఇప్పుడు సాకర్ ఆడుతున్నాడు. రెండు బూట్లు, ఒక బంతి.

చలికాలం కూడా మునుపటిలా లేదు. పార్కుల్లో చెక్క అడ్డుగోడలు కట్టి, నీళ్లు పోసి గడ్డకట్టించే రింకులు ఇక్కడ ప్రతి పేటలోనూ ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా ఆడుకునే చోటు అదే. జనవరిలో వాన పడి ఆ రింకు నీళ్లగుంట అయిపోవడం ఇప్పుడు మాకు మామూలైపోయింది. కప్పు కింద ఐస్ కావాలంటే గంటకింత అని కట్టాల్సిందే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలిగా. మాంట్రియల్‌లో తెలుగువాళ్లం టొరంటోతో పోలిస్తే తక్కువే, అయినా పిల్లలకు లెక్కల ట్యూషన్, కూచిపూడి, బ్యాడ్మింటన్, వేసవిలో క్రికెట్ అన్నీ ఉంటాయి. హాకీకి పంపేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. “పళ్లు రాలిపోతాయండీ” అని ఒకరు, “పొద్దున్నే ఆరింటికి ఎవరు లేస్తారండీ” అని ఒకరు. లువాంగో తండ్రి కూడా ఇటలీ నుంచి వలస వచ్చినవాడే కదా, అప్పట్లో వలస కుటుంబాల పిల్లలు వీధిలోనే ఈ ఆట పట్టేవాళ్లు. ఇప్పుడు వచ్చేవాళ్లను ఆటలోకి పిలిచే నాథుడు లేడు. మన పిల్లలకు ఉచితంగా ఒక సీజన్ ప్యాడ్లిచ్చి చూడమనండి, అప్పుడు మాట్లాడదాం.

ఇవన్నీ వదిలేసి ఇక్కడి గొడవ ఎప్పుడూ పైమెట్టు దగ్గరే ఉంటుంది. 2011 డిసెంబర్‌లో ఫ్రెంచ్ రాని రాండీ కన్నీవర్త్‌ను తాత్కాలిక కోచ్‌గా పెడితే స్టేడియం బయట నిరసనలు. 2021 మే 10న ఎడ్మంటన్‌తో మ్యాచ్‌కు కెనేడియన్స్ ఒక్క క్యూబెక్ ఆటగాడూ లేకుండా దిగారు. క్లబ్ చరిత్రలో అదే మొదటిసారి. కెనేడియన్స్ హీరో మోరీస్ రిచర్డ్‌ను సస్పెండ్ చేశారని 1955లో వీధుల్లో విధ్వంసం చేసిన ఊరు ఇది, ఉలిక్కిపడటంలో తప్పులేదు. అప్పటి ప్రీమియర్, అంటే ప్రావిన్స్ ముఖ్యమంత్రి, ఫ్రాన్స్వా లెగో 2021 చివర ఒక కమిటీ వేశారు, మాజీ గోల్‌కీపర్ మార్క్ డెనీని అధ్యక్షుడిగా పెట్టారు. మనిషిని ఎంచుకోవడం వరకు బాగానే ఉంది. కమిటీ నివేదిక ఇచ్చింది, పేపర్లలో వారం రోజులు నడిచింది. మా అరీనాలో మాత్రం కీపర్ కోచ్ ఇంకా రాలేదు.

భాషే అడ్డమైతే ఆడవాళ్ల మాటేమిటి? మారీ-ఫిలిప్ పూలాన్‌ది బోస్‌విల్, ఫ్రెంచ్ మాట్లాడే చిన్న ఊరు. 2010, 2014, 2022 ఒలింపిక్స్ ఫైనల్స్‌లో కెనడాకు స్వర్ణం తెచ్చిన గోల్ మూడుసార్లూ ఆమెదే. 2022లో గోల్ కాచిన ఆన్-రెనే డెబియన్‌ది కూడా క్యూబెక్కే. అదే భాష, అదే చలి. పూలాన్ బోస్టన్ యూనివర్సిటీలో ఆడింది, డెబియన్ విస్కాన్సిన్‌లో. చదువూ ఆటా కలిసి సాగే దారి దొరికింది, వెళ్లారు. లవాల్ కుర్రాడు మార్టిన్ సెయింట్ లూయీని పొట్టివాడని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే అతనూ వెర్మాంట్ యూనివర్సిటీ నుంచే పైకొచ్చి 2004లో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇప్పుడు కెనేడియన్స్ కోచ్ అతనే. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లు కూడా 2025 నుంచి అమెరికా యూనివర్సిటీ జట్లలో చేరొచ్చు. ఇది క్యూబెక్‌ను ఖాళీ చేస్తుందని కొందరు గోలపెడుతున్నారు. నాకు మంచిదే అనిపిస్తోంది.

ప్రతిభ చచ్చిపోలేదు. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ లాఫ్రెనియర్, 2025లో నాలుగో పిక్ కేలెబ్ డెనోయే, ఇద్దరూ ఇక్కడివాళ్లే. కానీ ఇద్దరూ ఫార్వర్డ్‌లే. ఎండిపోయింది గోల్‌కీపర్ల ఊట.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది కాబట్టే నాకింత కడుపుమంట. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో మనవాళ్లు బారులు తీరి ఉన్నారు. 1962లో ఆసియా క్రీడల స్వర్ణం వచ్చినప్పుడు సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, గోల్ దగ్గర పీటర్ తంగరాజ్ ఉన్నాడు. వెనక ఉన్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1963లో పోయాడు. ఆ మనిషి ఒక్కడే మోసినదాన్ని ఎత్తుకునే వ్యవస్థ ఏదీ మనం కట్టుకోలేదు. హైదరాబాద్‌లో ఇవాళ పదిమందిని ఆపి రహీం ఎవరని అడగండి.

క్యూబెక్‌కు డబ్బు లేదని మాత్రం ఎవరూ నాతో అనొద్దు. క్యూబెక్ సిటీ జట్టు నోర్డిక్స్ 1995లో డెన్వర్ వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ రప్పిస్తామని ప్రజల సొమ్ముతో దాదాపు 370 మిలియన్ డాలర్ల స్టేడియం కట్టి 2015లో తెరిచారు. జట్టు ఇప్పటికీ రాలేదు. అది చాలదన్నట్టు 2024 అక్టోబర్‌లో లాస్ ఏంజెలిస్ కింగ్స్ ఆ స్టేడియానికొచ్చి రెండు ప్రీ-సీజన్ మ్యాచ్‌లు ఆడటానికి ప్రభుత్వం అయిదు నుంచి ఏడు మిలియన్ల డాలర్లు ఇస్తానంది. లెక్కలోకి రాని మ్యాచ్‌లు, అవీ రెండే! ఆ డబ్బుతో అరీనాకొక కీపర్ కోచ్‌ను పెట్టి, పన్నెండేళ్లు వచ్చేదాకా ప్రతి పిల్లాడికీ ప్యాడ్లు అరువివ్వండి. తర్వాత కావాలంటే భాష గురించి తీరిగ్గా కొట్టుకుందాం, నేనూ వస్తాను.