ఆరు పడితే అడవి బతుకుతుంది

పిల్లలకు పర్యావరణం నేర్పే బోర్డు గేమ్ పెట్టె మీద మూడు బొమ్మలు తప్పనిసరి. నవ్వే భూగోళం, దాన్ని వాటేసుకున్న ఇద్దరు పిల్లలు, ఓ పచ్చటి ఆకు. ఆ మూడింటి మీదా బిగించిన ప్లాస్టిక్ రేపర్ ఉంటుంది. గోటికి లొంగదు, పంటితో కొరకాలి. మొదటి పాఠం అక్కడే మొదలు.

రేపర్ ఊడితే పెట్టె. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు అంతే, లోతు 7 అనుకోండి. అంటే 6.3 లీటర్ల జాగా. లోపల మడతపెట్టిన బోర్డు, 40 కార్డులు, 4 పావులు, ఒక పాచిక. అన్నీ కలిపినా లీటరు నిండదు. మిగిలిన అయిదు లీటర్ల పైచిలుకూ గాలే. స్వచ్ఛమైన గాలి పిల్లల హక్కు కదా, లారీలకెత్తి మరీ చేరవేస్తున్నారు.

ఆ గాలిలో సామాను గలగలలాడకుండా ఓ ట్రే. పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అచ్చు మీద పరిచి, కిందినుంచి గాలి పీల్చి చేస్తారు దీన్ని. పావుకో గుంట, పాచికకో గుంట, కార్డులకో పల్లం. రేపర్ విప్పిన కార్డుల కట్ట ఇక ఆ పల్లంలో ఒదగదు కాబట్టి ట్రే ఆయుష్షు ఒక్క పూట. పావులు వేరే సంచిలో వస్తాయి. అవి తాబేళ్ళు. సముద్రంలో ప్లాస్టిక్ మింగి చచ్చే తాబేలును ప్లాస్టిక్‌తోనే పోతపోయడంలో ఎంత ఔచిత్యం ఉందో గమనించాలి. పెట్టె అడుగున "దయచేసి నన్ను రీసైకిల్ చేయండి" అని ఉంటుంది. అట్ట మీద మెరుపు కోసం అంటించిన ప్లాస్టిక్ పొర వల్ల నీళ్ళు లోపలికి ఇంకవు, గుజ్జు చేసే తొట్టిలో ఆ పొర పేలికలై తేలుతుంది, కాగితం మిల్లు వాడు తిట్టుకుంటాడు. అయినా అది మిల్లు వాడి బాధ. "దయచేసి" అన్నారుగా, మర్యాద తీరిపోయింది.

సరే, బోర్డు పరిచారు. బుడ్డోడు మొదటి కార్డు తీశాడు: "ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దన్నావు! 4 గళ్ళు ముందుకు." వాడి ఒళ్ళో రేపర్, కుడిపక్క సంచి, ఎడమపక్క ట్రే. వాడు ట్రే వంక చూస్తాడు, కార్డు వంక చూస్తాడు, తాబేలును నాలుగు గళ్ళు జరుపుతాడు. పెద్దలు చప్పట్లు కొడతారు. దీన్ని అనుభవపూర్వక విద్య అంటారు.

ఇక ఆట సంగతి. వంద గళ్ళు. ఒక పాచిక సగటు 3.5. పాములూ నిచ్చెనలూ పక్కన పెడితే ఒకరు చివరికి చేరడానికి 29 పందేలు కావాలి. నలుగురు కూర్చుంటే వంద దాటుతుంది. ఆ వంద పందేల్లో పిల్లలు సొంతంగా తీసుకునే నిర్ణయాలు సున్నా. "కొళాయి కట్టడం మరిచావు, 5 గళ్ళు వెనక్కి." వాడెక్కడ మరిచాడు? పాచిక అలా దొర్లింది. వైకుంఠపాళికి ఆ మాత్రం నిజాయితీ ఉంది, తాను విధి ఆటనని దాచుకోదు. ఈ ఆట మాత్రం విధిని బాధ్యత అని పిలిచి, ఆరు పడితే అడవి బతుకుతుందని నేర్పుతుంది.

కాస్త పెద్ద పిల్లల ఆటలో పాయింట్లు. కర్మాగారం పెడితే 2 కోత, మొక్క నాటితే 3 లాభం అని రాస్తారు. లెక్కలొచ్చిన పిల్ల ఏం చేస్తుంది? కర్మాగారం పెట్టి పక్కనే మొక్క నాటుతుంది. 1 మిగులు. అలా పదిసార్లు చేసి గెలుస్తుంది. ఇదే పనికి పెద్ద కంపెనీలు సలహాదారులకు ఫీజులిస్తున్నాయి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, 40 లీటర్ల ట్యాంకుకు 92 కిలోలు. రెండాకుల మొక్కకు ఆ భారం ఎత్తేవాడు కార్డు రాసేవాడొక్కడే.

క్విజ్ కార్డుల గురించి తొందరగా ముగిద్దాం. భూమి వేడెక్కడానికి ఓజోన్ రంధ్రం కారణమని ఒక కార్డు. రెండూ వేరు వేరు జబ్బులు. ప్లాస్టిక్ మీద త్రికోణం ఉంటే రీసైకిల్ అవుతుందని ఇంకో కార్డు. 1988లో వచ్చిన ఆ త్రికోణంలోని 1 నుంచి 7 అంకెలు అది ఏ రకం ప్లాస్టికో చెబుతాయి, అంతే. సరిచూడటానికి అరగంట పట్టేది. ఆ అరగంట పచ్చ రంగు ఎంచుకోవడానికి సరిపోయింది.

కానీ ఆ కొళాయి కార్డు దగ్గర నవ్వు రాదు. మనుషులు తోడుకునే మంచినీళ్ళలో దాదాపు 70 శాతం సేద్యానికి పోతుంది. బోర్డు మీద దానికి గడి లేదు. పంటల ఎంపికకు లేదు, కాలవలోకి రంగునీళ్ళు వదిలే గొట్టానికి లేదు, దాని మీద సంతకం పెట్టినవాడికి లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల పళ్ళు తోముకునే కొళాయికి ఉంది! 2000 దశకం మధ్యలో "కార్బన్ ఫుట్‌ప్రింట్" (ఒక మనిషి బతుకు వల్ల గాలిలో కలిసే కార్బన్ లెక్క) అనే మాటను ఇంటింటికీ మోసిన ప్రచారం చమురు కంపెనీ బీపీది. నూనె తోడింది వాళ్ళు, పాదముద్ర కొలుచుకోవాల్సింది మనం. ఇప్పుడా కొలబద్దను పసివాళ్ళ చేతిలో పెట్టి, తప్పు నీదేనని అయిదు గళ్ళు వెనక్కి నెడుతున్నారు. సిగ్గుండాలి. ఓటు లేనివాళ్ళు, జీతం లేనివాళ్ళు, ఆ పెట్టెను కొనమని కూడా అడగనివాళ్ళు వాళ్ళు.

ఆట పాఠం పెట్టె మీద రాసిన మాటల్లో ఉండదు, నియమాల్లో ఉంటుంది. అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ 1904లో పేటెంట్ పొందిన ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అనే బోర్డు ఆట ఉద్దేశం భూస్వామ్యపు అన్యాయాన్ని చూపించడం. దాని సంతతిగా 1935లో ఆటల కంపెనీ పార్కర్ బ్రదర్స్ బజారులోకి తెచ్చిన, స్థలాలు కొని అద్దెలు గుంజే మోనోపోలీలో పిల్లలు ఎదుటివాడిని దివాలా తీయించి కేకలేస్తారు. నియమం అదే చేయమంటోంది మరి.

పనికొచ్చే నియమం ఒకటి చెప్పుకుందాం. గిన్నెలో 16 గింజలు, అవి చెరువులో చేపలు. నలుగురు పిల్లలు, మాటలు లేవు. ఒక్కో విడతలో ఎవరికి కావలసినన్ని వాళ్ళు తీసుకోవచ్చు. మిగిలినవి రెట్టింపవుతాయి, 16 దాటకూడదు. తలా 2 తీస్తే 8 మిగిలి మళ్ళీ 16, ఎన్నేళ్ళయినా ఆడొచ్చు. మొదటి విడతలో ఒక్కరు, ఒకే ఒక్కసారి, 3 తీస్తే? 7 మిగిలి 14 అవుతాయి. తర్వాత అందరూ బుద్ధిగా తలా 2 తీసినా 14 కాస్తా 12, 12 కాస్తా 8, నాలుగో విడతలో గిన్నె ఖాళీ. అప్పుడు నలుగురూ పోట్లాడుకుంటారు. మాటలు లేవన్న నియమం మార్చమంటారు. పెద్దవాళ్ళు ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవాలి, చాలామంది చెడగొట్టేది ఈ ఘట్టంలోనే.

ఈ ఆటకు పెట్టె అక్కర్లేదు, కాబట్టి అమ్మడం కష్టం. అయినా నిరాశ వద్దు. ఎవరో ఒకరు 16 ప్లాస్టిక్ చేపల్ని పోతపోయించి, ఒక్కోదానికి ఒక్కో గుంట ఉన్న ట్రేలో పడుకోబెట్టి, పైన రేపర్ బిగించి తెస్తారు.