ఊళ్లో ఎటువైపు?

మొన్న మన తెలుగు సంఘం ఉగాదికి పులిహోర బల్ల దగ్గర జరిగింది చాలామందే చూశారు. పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన కుర్రాడు ఆఖర్న ప్లేటు పట్టుకుని వచ్చాడు. మన పెద్దాయన ఒకరు అతని బ్యాడ్జీ చదివారు. "ఈ ఇంటిపేరు మా దగ్గరా ఉందే! ఏ ఊరు బాబూ?" చెప్పాడు. "ఊళ్లో ఎటువైపు?"

కుర్రాడు ప్లేటు బల్ల మీదే పెట్టేశాడు. నాటకం మొదలయ్యేసరికి హాల్లో లేడు. నేను పక్కనే ఉన్నాను. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందేమో అన్నాను. అదీ నా నిర్వాకం.

ఆ వారమే మా పక్కింటాయన తన ఇంటిపేరు కథ చెప్పాడు. రిటైరయ్యాక ఆయనకి అదే పని. కల్హూన్, స్కాచ్-ఐరిష్ కుటుంబం. స్కాట్లండ్‌లో అక్షరాలు బారెడు రాసి 'కహూన్' అని పలుకుతారట. క్లైడ్ నది దగ్గర ఒక జాగా పేరది. గన్నవరం వాళ్లు గన్నవరపు వారైనట్టే. 1610 ప్రాంతంలో జేమ్స్ రాజు ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌లో ఐరిష్ వాళ్ల భూములు లాక్కుని స్కాట్లండ్ వాళ్లని దింపినప్పుడు ఆ పేరు అక్కడి డొనెగాల్ చేరింది. తర్వాతి శతాబ్దంలో కౌళ్లు పెరిగి, ప్రెస్బిటేరియన్లన్న (రాజుగారి చర్చికి చెందని ప్రొటెస్టంట్లన్న) చిన్నచూపు పడలేక ఓడలెక్కారు. అమెరికాలో పెన్సిల్వేనియా, అక్కణ్ణుంచి బళ్ల మీద కరోలినాలు. గుమాస్తా చెవిన ఎలా పడితే అలా కహూన్, కోహూన్, కల్హూన్. (అమెరికా వీసాలో 'ఎఫ్ఎన్‌యూ', అంటే 'మొదటి పేరు తెలియదు', అయినవాళ్లం మనం నవ్వకూడదు.) 1922లో డబ్లిన్ రికార్డాఫీసు తగలబడి పాత వీలునామాలు బూడిదయ్యాయి. అక్కడ ఆయనకి దారం తెగిపోయింది.

ఇవతలి కొస మాత్రం తెగలేదు. బానిసత్వం మేలైనదేనని 1837లో అమెరికా సెనేట్‌లో వాదించిన జాన్ కల్హూన్‌దీ ఇదే పేరు. యేల్ విశ్వవిద్యాలయంలో ఒక కాలేజీకున్న ఆ పేరు 2017లో తీసేశారు. "ఆయన మాకు చుట్టమో కాదో తేలలేదు. అదే పేరున్న నల్లవాళ్లని కలిశాను. మీకిది ఎలా వచ్చిందని అడగడానికి నోరు రాలేదు," అన్నాడు పక్కింటాయన.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇంటిపేరు చెబితే చాలు, ఏ ఊరో, ఎవరి మేనకోడలో, ఏ పెళ్లిలో అలిగారో విప్పుకుంటూ పోయేది. ఎంత మురిపెంగా వినేవాళ్లమో! ఆవిడే, అదే ఇంటిపేరు విని, కొందరికి వాకిట్లో చూరులో దోపిన సత్తు గ్లాసు తీయించేది. ఆ గ్లాసు కడిగి మళ్లీ చూరులో పెట్టింది చాలాసార్లు నేనే.

అందుకే పెద్దాయన ఒక్కరినే తిట్టలేను. ఊరు అడగడం మన ప్రేమే, దాన్ని వదులుకోమనను. మామిడికాయ ఏ రకమో, చెరువు నిండిందో లేదో అడగండి. ఎటువైపో మాత్రం వద్దు. కమిటీ వారికి ఒక మనవి: వచ్చే ఏడు బ్యాడ్జీ మీద పిలిచే పేరు పెద్దక్షరాల్లో వేసి, ఇంటిపేరు వేయడం మానేయండి.

ఆ కుర్రాడు వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. కార్తీక వనభోజనాలకి (కులాలవారీగా పెట్టేవి కాదు, మన సంఘానివి) నేను ఫోన్ చేసి పిలుస్తాను. పెద్దాయనా, మీరూ చేయండి. నెంబరు నా దగ్గరుంది.