ఆకు తెలిసిన ఊళ్లో బ్యాండు మీద మోజు

ప్రీమియం సిగార్ల ప్రపంచంలో కొన్నేళ్లుగా వినిపిస్తున్న ప్రధాన వార్త ధరలదే. క్యూబా సిగార్లను అమ్మే హబానోస్ సంస్థ 2022లో కొహీబా, ట్రినిడాడ్ రకాల ధరలను హాంకాంగ్ స్థాయిని కొలమానంగా తీసుకుని అన్ని దేశాల్లోనూ భారీగా పెంచింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇయాన్ తుపాను క్యూబాలో పొగాకు పండే పినార్ డెల్ రియో ప్రాంతాన్ని దెబ్బతీసి, ఆకు ఆరబెట్టే పాకలను వేల సంఖ్యలో కూల్చివేసింది. అయినా ఆ సంస్థ అమ్మకాలు 2023లో 72.1 కోట్ల డాలర్లకు, మరుసటి ఏడాది 82.7 కోట్ల డాలర్లకు పెరిగాయి. పంట కష్టాల్లో ఉన్నప్పుడు రాబడి ఇంతగా పెరిగిందంటే, కొనేవారు పొగాకుతో పాటు హోదాకూ డబ్బు చెల్లిస్తున్నారని అనుకోక తప్పదు.

విజయవాడ, గుంటూరుల్లోని సిగార్ అభిరుచిపరుల్లోనూ ఈ ధోరణే కనిపిస్తోంది. దుబాయ్ నుంచి వచ్చే బంధువు తెచ్చిన పెట్టె మీద, సిగార్‌కు చుట్టిన కాగితపు పట్టీ (బ్యాండు) మీద ఏ పేరుందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఆకు ఎక్కడ పండింది, ఎంతకాలం మాగింది అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో, పొగాకు మండెల (కుప్పల) వాసన తెలిసిన కుటుంబాల్లో కూడా ఇలా జరగడం ఆశ్చర్యమే.

నిజానికి సిగార్‌ను ప్రీమియం చేసేది కాలం, చేతిపని. మన వర్జీనియా ఆకును బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వేడి గాలితో సుమారు వారం రోజుల్లో ఆరబెడతారు. అందువల్ల ఆకులో చక్కెరలు నిలిచి, పొగకు ఆమ్ల గుణం వస్తుంది; సిగరెట్‌కు కావలసినది అదే. సిగార్ ఆకును మాత్రం పాకల్లో వేలాడదీసి వారాల తరబడి గాలికే ఆరనిస్తారు. తరువాత మండెలు వేసి, లోపల వేడి పెరిగినప్పుడల్లా తిరగేస్తూ నెలల పాటు మాగబెడతారు. ఆ క్రమంలో చక్కెరలు తగ్గి, అమోనియా బయటికి పోయి, ఘాటు సర్దుకుంటుంది. పొగ క్షార గుణం వైపు మొగ్గుతుంది కనుక నికోటిన్ నోటి పొరల నుంచే శరీరంలోకి చేరుతుంది. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోవడానికి ఇదొక కారణం. పీల్చడం లేదు కాబట్టి ప్రమాదం లేదన్న నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు. పెద్ద సిగార్ ఒక్కదానిలోనే ఒక సిగరెట్ ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లతో దాని సంబంధం రుజువైన విషయం. ఉత్తర కోస్తాలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగినవారి అంగిళ్లు ఏమయ్యాయో మన వైద్యులకు చెప్పనక్కరలేదు.

ఇంత పొగాకు పండే చోట మేలైన సిగార్లు ఎందుకు తయారు కావన్న ప్రశ్న తరచూ వస్తుంది. 2025లో నల్ల బర్లీ రకం పొగాకును వ్యాపారులు కొనకపోవడంతో సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే రంగంలోకి దిగాల్సి వచ్చినప్పుడు, మన ఆకుతో ఇక్కడే సిగార్లు చేయవచ్చన్న ఆశ మళ్లీ కలగడం సహజం. నా ఉద్దేశంలో అది తేలికగా నెరవేరేది కాదు. పైకి చుట్టే ర్యాపర్ ఆకు పలచగా, మచ్చ లేకుండా, సాగే గుణంతో ఉండాలి. ఈక్వెడార్‌లో మబ్బులే సహజమైన నీడనిస్తాయి కనుక అక్కడ అది చక్కగా వస్తుంది. మన నేలలో, నీటిలో క్లోరైడు ఎక్కువైన చోట పండిన ఆకు సరిగా కాలదు. గోదావరి లంక పొగాకుతో చుట్టలు చుట్టిన అనుభవం మనకుంది గానీ, దశాబ్దాలుగా మన పరిశోధన, వేలం, గ్రేడింగు ఎక్కువగా సిగరెట్ ఆకు చుట్టూనే తిరిగాయి. పైగా సిగార్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి మన దేశంలో అనుమతి లేదు.

ఇక కొన్నవారికి ఇక్కడ ఎదురయ్యే అసలు చిక్కు వాతావరణం. సిగార్లకు 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి అనుకూలం. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే ఆకులో దాగిన పొగాకు పురుగు గుడ్లు పొదిగే అవకాశం పెరుగుతుంది. గోదాముల్లో బేళ్లను తొలిచేదీ ఈ పురుగే. మే నెలలో బెజవాడలో ఏసీ లేని గదిలో సిగార్లు దాచే ఖరీదైన దేవదారు పెట్టె ఉన్నా ఫలితం ఉండదు. చల్లదనం స్థిరంగా ఉండే చోట, గాలి చొరబడని డబ్బాలో తేమను నియంత్రించే ప్యాకెట్ వేసి ఉంచడం చవకైన, నమ్మదగిన పద్ధతి. మామూలు ఫ్రిజ్ ఆకును ఎండబెడుతుంది, వాసనలూ పట్టిస్తుంది. తేమ కొలిచే పరికరాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. తడిపిన ఉప్పుతో పాటు మూసిన డబ్బాలో ఒక రోజు ఉంచితే అది 75 శాతం చూపాలి. తేడా ఎంత ఉంటే అంత సరిచేసుకుని చదవాలి.

నకిలీల విషయంలో ఒక్క గుర్తు చాలు: గాజు మూత ఉన్న కొహీబా పెట్టెను క్యూబా తయారు చేయదు, ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా అది నకిలీయే. మన దేశంలో చట్టబద్ధంగా అమ్మే పెట్టె మీద, దిగుమతిదైనా సరే, 85 శాతం మేర బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. అది లేని పెట్టె దుకాణంలో కనిపిస్తే దొంగదారిన వచ్చిందని అనుమానించాలి. విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 25 సిగార్ల వరకే. పొగాకును 40 శాతం జీఎస్టీ శ్లాబులో చేర్చాలని 2025 సెప్టెంబరులో మండలి నిర్ణయించిన నేపథ్యంలో, సగం ధరకే దొరికే ‘అసలు’ క్యూబా సిగార్ గురించి దుకాణదారు ఏం చెప్పినా, ముందు బిల్లు అడగడం మేలు.